ముంపు మ్యాప్‌లో మనుషులు ఎక్కడ?

ఒక చిన్న ప్రశ్న. 2011లో మీరు ఎక్కడున్నారు?

ఇప్పుడు మీరు బీటెక్ చివరి ఏడాదిలోనో, డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగ వేటలోనో ఉంటే, అప్పటికి మీ వయసు ఆరేడేళ్లు. మన దేశం తన జనాన్ని చివరిసారి పూర్తిగా లెక్కపెట్టింది ఆ ఏడాదే. 2021లో జరగాల్సిన జనగణన కొవిడ్ కారణంగా ఆగిపోయింది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అంటే ఆ ఫలితాలు బయటికొచ్చేదాకా, అధికారిక లెక్కల్లో మీరు ఇంకా మీ ఊళ్లో బ్యాగు తగిలించుకుని బడికెళ్తున్న పిల్లలే. ఇప్పుడు మీరుంటున్న హాస్టల్ గానీ, పీజీ గానీ, ఆ వీధి చివర లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ గానీ ఆ లెక్కల్లో లేకపోవచ్చు.

దానివల్ల నష్టమేంటి అంటారా? మామూలు రోజుల్లో పెద్దగా తెలియదు. వరదొచ్చిన రోజు తెలుస్తుంది. ‘ఈ వార్డుకి ఎన్ని పడవలు పంపాలి? ఎన్ని వేల భోజనం ప్యాకెట్లు కావాలి? పసిపిల్లలకు పాలు ఎంతమందికి?’ అని కంట్రోల్ రూమ్‌లో అడిగినప్పుడు, టేబుల్ మీదున్న అంకె పదిహేనేళ్ల నాటిదైతే ఆ తేడా ఎవరో ఒకరి ఆకలి రూపంలో బయటపడుతుంది.

వర్షం ఎంత పడుతుందో చెప్పే శాస్త్రం మన దగ్గర బాగానే ఎదిగింది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెప్పగలుగుతున్నాం. కానీ ఆ నీళ్ల కింద, ఆ గాలి కింద ఎంతమంది మనుషులున్నారో, ఎలాంటి ఇళ్లలో ఉన్నారో చెప్పే మ్యాప్ మాత్రం చాలా ఊళ్లకు సరిగ్గా లేదు. ఆ మ్యాప్ తయారు చేయడం మీరు నేర్చుకోగలిగిన పని. నేర్చుకోవాల్సిన పని కూడా. ఎందుకో చూద్దాం.

మూడు ముక్కల లెక్క

వాతావరణ మార్పుల మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ రిస్క్‌ని మూడు ముక్కలుగా చూడమంటుంది. మొదటిది హజార్డ్, అంటే ముప్పు. వరద, తుపాను, వడగాల్పు ఇందులోకి వస్తాయి. రెండోది ఎక్స్‌పోజర్. ఆ ముప్పు వచ్చే చోట ఎంతమంది మనుషులు, ఎన్ని ఇళ్లు, ఎన్ని బడులు, ఆసుపత్రులు ఉన్నాయన్నది. మూడోది వల్నరబిలిటీ. అదే నీళ్లు వచ్చినా ఒకరు మేడెక్కి బతికిపోతే, ఇంకొకరు రేకుల షెడ్డులో చిక్కుకుపోతారు. ఆ తేడా.

నడి సముద్రంలో ఎంత పెద్ద తుపాను పుట్టినా, అక్కడ ఎవరూ లేకపోతే అది విపత్తు కాదు. అదే తుపాను 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. గాలి, ఉప్పెన ప్రకృతివి. తీరంలో ఎవరు ఎక్కడ ఉన్నారు, వాళ్లను ముందే తరలించే ఏర్పాటు ఉందా లేదా అన్నది మనుషుల చేతిలోని విషయం.

పక్కనే ఉన్న ఒడిశాను చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌లో అక్కడ దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటే ముందు దాదాపు పది లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు కట్టారు, గ్రామస్థాయిలో యంత్రాంగం తయారైంది. వీటన్నిటికీ అడుగున ఒక ప్రాథమిక సమాచారం ఉండాలి. ఏ ఊళ్లో, సముద్రానికి ఎంత దూరంలో, ఎంతమంది ఉన్నారన్నది. అది తెలియకుండా పది లక్షల మందిని కదిలించలేం.

బుడమేరు నేర్పిన పాఠం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1. విజయవాడ ఆ రెండు రోజుల్ని మర్చిపోదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు చేరే బుడమేరు పొంగింది. దాని నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. అజిత్‌సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. లక్షల మంది చిక్కుకున్నారు. డ్రోన్లతో ఆహారం, నీళ్లు అందించాల్సి వచ్చింది. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి ఒడ్డు కాలనీలను ముంచింది.

బుడమేరును ‘బెజవాడ దుఃఖదాయని’ అని పెద్దవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. 2005లోనూ ఇది నగరాన్ని ముంచింది. కాబట్టి నీళ్లు ఎటు వస్తాయో తెలియక జరిగింది కాదు. నీళ్లు వచ్చే దారిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నదే అసలు ప్రశ్న. 2011 లెక్కల్లో విజయవాడ నగరపాలక సంస్థ జనాభా పది లక్షల పైచిలుకు. ఆ తర్వాత నగరం ఎటు పెరిగింది, ఏ పల్లపు నేలలో కాలనీలు లేచాయి, ఎన్ని అంతస్తులు పెరిగాయి అన్నది ఆ అంకె చెప్పదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఆ వరద తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన సాయంలో, నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేల రూపాయలు, మొదటి అంతస్తు, ఆపై వాళ్లకు 10 వేలు అని తేడా పెట్టారు. అంటే ఇల్లు ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఏ అంతస్తో కూడా కావాలి. కింద ఉన్నవాళ్ల సామాన్లు పోతాయి. పైన ఉన్నవాళ్ల సామాన్లు మిగిలినా, కరెంటు లేక, తాగునీళ్లు లేక, కిందికి దిగే దారి లేక ఇబ్బంది పడతారు. ఇద్దరి నష్టం ఒకటి కాదు. ఇద్దరూ బాధితులే. మ్యాప్ ఈ తేడాని చూపించగలగాలి.

నీళ్లు మన దగ్గరికి వచ్చాయా, మనం నీళ్లలోకి వెళ్లామా?

రెండూ జరుగుతున్నాయి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందుకే కుండపోతలు మరింత తీవ్రమవుతున్నాయి. ఇది మొదటి సగం. రెండో సగం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 2000 నుంచి 2018 దాకా జరిగిన 913 పెద్ద వరదలను ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించింది. వాటివల్ల 25.5 కోట్ల నుంచి 29 కోట్ల మంది నేరుగా ప్రభావితులయ్యారని లెక్కతేల్చింది. అంతకంటే ముఖ్యమైన విషయం, 2000–2015 మధ్య ఆ ముంపు ప్రాంతాల్లో ఉండే జనాభా 5.8 కోట్ల నుంచి 8.6 కోట్ల దాకా పెరిగింది. 2023లో అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం 1985–2015 మధ్య ప్రపంచంలో నిర్మిత ప్రాంతం మొత్తం 85 శాతం పెరిగితే, వరద ముప్పు అత్యధికంగా ఉన్న చోట్ల ఏకంగా 122 శాతం పెరిగింది.

అంటే ఊళ్లు పెరగడమే కాదు, ఎక్కడ పెరగకూడదో అక్కడ ఇంకా వేగంగా పెరిగాయి. కారణం మీరు ఊహించగలరు. మెరక నేల ధర ఎక్కువ. పల్లం చవక. చెరువు శిఖం, వాగు గట్టు ఇంకా చవక. అద్దె తక్కువని అక్కడికి చేరేది వలస కూలీలు, చిన్న ఉద్యోగులు, మీలాంటి విద్యార్థులు.

ఈ రెండు అధ్యయనాలకూ ముడిసరుకు ఒకటే. ఏ చదరంలో ఇళ్లున్నాయి, ఏ చదరంలో ఎంతమంది ఉన్నారు అనే మ్యాపులు. మరి అవి ఎలా తయారవుతాయి?

గడి గడికీ జనం

ఒక లెక్క చేద్దాం. అర్థం కావడానికి ఊహించుకున్న వార్డు ఇది. జనాభా 10,000. ఈ వార్డును 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు ఉన్న గడులుగా విడగొట్టారు. గడి ఒక్కోటి హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. మొత్తం 100 గడులు వచ్చాయి అనుకోండి.

వరద వచ్చి 30 గడులు మునిగాయి. ఎంతమంది ముంపులో ఉన్నట్టు?

మొదటి పద్ధతి, జనాన్ని సమానంగా పంచేయడం. గడికి 100 మంది, 30 గడులకు 3,000. సులువే. కానీ ఏ వార్డులోనూ జనం అలా సమానంగా పరుచుకుని ఉండరు. చెరువు ఉంటుంది, శ్మశానం ఉంటుంది, పొలం ఉంటుంది.

రెండో పద్ధతి, ముందు ఉపగ్రహ చిత్రం చూసి ఏ గడుల్లో ఇళ్లున్నాయో గుర్తించడం. 40 గడుల్లోనే ఇళ్లున్నాయి అనుకుందాం. అప్పుడు ఆ 10,000 మంది ఈ 40 గడుల్లోనే ఉన్నట్టు. గడికి 250. మునిగిన 30 గడుల్లో ఎక్కువ భాగం చెరువూ పొలమూ అయి, ఇళ్లున్నవి 5 మాత్రమే అయితే బాధితులు 1,250. అలాకాక మునిగిన 30 గడులూ ఇళ్లున్నవే అయితే 7,500.

చూశారా? అదే వార్డు, అదే జనాభా, మునిగిన విస్తీర్ణమూ అంతే. జవాబు మాత్రం 1,250 నుంచి 7,500 దాకా మారింది. సమానంగా పంచిన 3,000 అనే అంకెను నమ్ముకుని భోజనం ప్యాకెట్లు పంపితే, ఒక సందర్భంలో సగానికి పైగా మిగిలిపోతాయి, రెండో సందర్భంలో 4,500 మంది పస్తులుంటారు. జనాభా, నిర్మిత ప్రాంతాల మ్యాపింగ్ అనే పెద్ద మాట వెనకున్న అసలు విషయం ఇదే.

దీన్నే ఇంకా మెరుగు చేస్తారు. గడిలో ఇళ్లున్నాయా లేదా అని మాత్రమే కాకుండా ఎంత భాగంలో కట్టడాలున్నాయి, ఎంత ఎత్తున్నాయి, అవి నివాసాలా, గోడౌన్లా, ఫ్యాక్టరీలా అని చూస్తారు. గోడౌన్ ఎంత పెద్దదైనా అందులో రాత్రి పడుకునేది వాచ్‌మన్ ఒక్కడే. పక్కనున్న చిన్న హాస్టల్లో మూడు వందల మంది ఉంటారు.

డేటా మీ చేతికి అందేంత దూరంలోనే ఉంది

నిన్నమొన్నటి దాకా ఇలాంటి డేటా కావాలంటే పెద్ద సంస్థల్లో ఉండాలి, డబ్బు పెట్టాలి. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్, మంచి ఇంటర్నెట్ ఉంటే చాలు.

యూరోపియన్ కమిషన్‌కు చెందిన జాయింట్ రీసెర్చ్ సెంటర్ ‘గ్లోబల్ హ్యూమన్ సెటిల్‌మెంట్ లేయర్’ పేరుతో ప్రపంచమంతటి నిర్మిత ప్రాంతం, జనాభా గడులను ఉచితంగా ఇస్తోంది. 1975 నుంచి అయిదేళ్లకోసారి ఎలా పెరిగిందో 100 మీటర్ల గడుల్లో చూడొచ్చు. 2025, 2030లకు ఇచ్చినవి అంచనాలు. 2018కి అయితే 10 మీటర్ల సూక్ష్మత కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే వరల్డ్‌పాప్ కూడా 100 మీటర్ల జనాభా గడులు ఇస్తుంది. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో దక్షిణాసియా, ఆఫ్రికా సహా పలు ప్రాంతాలకు సంబంధించి 180 కోట్ల కట్టడాల ఆకారాలున్నాయి. మీ ఊరివీ అందులో ఉంటాయి, వెతికి చూడండి.

వరద ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే యూరప్ వాళ్ల సెంటినెల్-1 రాడార్ చిత్రాలున్నాయి. రాడార్ కాబట్టి మబ్బులున్నా, రాత్రయినా చూడగలదు. ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన నైసార్ ఉపగ్రహం 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే నింగికెగిరింది. అదీ రాడారే. ఇక హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ దేశంలో ఎక్కడ వరదొచ్చినా ముంపు మ్యాపులు తయారుచేసే సంస్థ. దాని భువన్ పోర్టల్‌ మీకు తెలిసే ఉంటుంది. సునామీ, తీర ముప్పుల మీద పనిచేసే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఈ రంగంలో దేశంలోనే పెద్ద సంస్థలు మన ఇంటి పక్కనే ఉన్నాయన్నమాట.

ఆకాశం నుంచి కనిపించనివి

డేటా ఉంది కదా అని డౌన్‌లోడ్ చేసి రంగులేసేస్తే మ్యాప్ అయిపోదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

పాతబడిన పెంకుటిల్లు, తాటాకు పాక, మట్టి మిద్దె ఉపగ్రహానికి నేల రంగులోనే కనిపించొచ్చు. చెట్ల కింద ఉన్న ఇళ్లు అసలు కనపడకపోవచ్చు. అదే సమయంలో రాతి గుట్ట, ఇసుక మేట, ఎండిన పొలం కట్టడాల్లా కనిపించి మోసం చేయొచ్చు. ఫలితంగా ముందుగా మ్యాప్ నుంచి మాయమయ్యేవాళ్లు ఎవరు? పక్కా ఇల్లు లేనివాళ్లు. సాయం అందరికంటే ముందు అందాల్సిన వాళ్లూ వాళ్లే.

రాడార్‌కీ పరిమితులున్నాయి. మైదానంలో నిలిచిన నీళ్లు నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. ఇరుకు సందుల్లో నిలిచిన నీళ్ల మీద పడ్డ సంకేతం గోడలకు తగిలి వెనక్కి వచ్చేయడంతో అవి నల్లగా కనపడవు. పొలాల్లో వరద దొరుకుతుంది, నగరం నడిబొడ్డున దొరకదు. పైగా సెంటినెల్-1లో ఒక్క ఉపగ్రహం అదే కక్ష్యలో అదే చోటికి మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. అది వచ్చేసరికి నీళ్లు తీసేసి ఉండొచ్చు. అప్పుడు మ్యాప్‌లో ‘ఇక్కడ వరద లేదు’ అని వస్తుంది. ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటున్న అమ్మకు ఆ మాట చెప్పగలరా?

జనం కదులుతుంటారు కూడా. రాత్రి జనాభా వేరు, పగటి జనాభా వేరు. మధ్యాహ్నం రెండు గంటలకు వడగాల్పు తగిలేది ఇంట్లో నిద్రపోయే వాళ్లకు కాదు, ఉపాధి హామీ పనిలో, భవనాల నిర్మాణంలో, రోడ్డు పక్కన బండి దగ్గర ఉన్నవాళ్లకు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బ మరణాలు వెయ్యి దాటాయి. ఇళ్ల మ్యాప్ మాత్రమే చూస్తే వాళ్లు పనిచేసే చోట కనపడరు.

అందుకే మంచి మ్యాప్ చేసేవాళ్లు ఒకే ఒక్క అంకె చెప్పరు. ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని చెబుతారు. ఏ డేటా, ఏ ఏడాదిది, ఏం వదిలేశామో రాస్తారు. ఆ తర్వాత చెప్పులేసుకుని ఆ వీధిలోకి వెళ్లి సరిచూసుకుంటారు.

మ్యాప్ ఎవరి చేతిలో పడుతుంది?

ఒక ఇబ్బందికరమైన విషయం కూడా మాట్లాడుకోవాలి. మీరు తయారుచేసిన ముంపు మ్యాప్‌లో ఒక పేదల కాలనీ ఎర్ర రంగులో వచ్చింది. దాన్ని చూసి ఒక అధికారి ‘ముందు ఇక్కడికి పడవలు పంపండి’ అనొచ్చు. ఇంకొకరు ‘ముందు ఇక్కడి ఇళ్లు తీసేయండి’ అనొచ్చు. బీమా కంపెనీ ప్రీమియం పెంచొచ్చు. అదే వాగును ఆక్రమించి కట్టిన పెద్ద వెంచర్ మాత్రం ఎత్తుగా మట్టి పోసుకుంది కాబట్టి పచ్చ రంగులో హాయిగా ఉండొచ్చు. ఆ మట్టి వల్ల నీళ్లు తమ మీదికి మళ్లాయని పక్క కాలనీ వాళ్లకు తెలుసు. మీ మ్యాప్‌కి తెలియదు.

కాబట్టి ఎక్కడ ఎంతమంది ఉన్నారన్నదానితో పాటు, వాళ్లు అక్కడికి ఎందుకు వచ్చారు, నీళ్లు అటు ఎందుకు మళ్లాయి అన్నది కూడా అడిగేవాళ్లే అసలైన విశ్లేషకులు. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్చుకుంటారు. ఈ ప్రశ్న అడగడం నేర్చుకున్నవాళ్లు తక్కువ.

‘జాబ్స్ ఉన్నాయా అన్నా?’

నా బ్లాగులో ఏం రాసినా కింద వచ్చే మొదటి ప్రశ్న ఇదే. నిజాయతీగా చెబుతా. ఉన్నాయి, కానీ క్యాంపస్‌కి బస్సులేసుకుని వచ్చే రకం కాదు.

ఎన్‌ఆర్‌ఎస్‌సీ లాంటి సంస్థల్లో ప్రాజెక్టు పోస్టులు, రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఉంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ రిమోట్ సెన్సింగ్ కేంద్రాలు, విపత్తు నిర్వహణ సంస్థలు ఉన్నాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పద్ధతే. ప్రైవేటులో సైయెంట్ లాంటి కంపెనీలు ఏళ్లుగా మ్యాపింగ్ పనులు చేస్తున్నాయి. బీమా, రీఇన్సూరెన్స్ రంగంలో విపత్తు నష్టాన్ని అంచనా వేసే వాళ్లు కావాలి. బ్యాంకులు, ఇన్‌ఫ్రా కంపెనీలు తమ ఆస్తులకు వాతావరణ ముప్పు ఎంతో లెక్కేయించుకుంటున్నాయి. కొన్నిచోట్ల మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో మీ ఫ్రెండ్ తీసుకునేదాని కంటే తక్కువగా ఉండొచ్చు. తెలిసే రండి.

చదువు పరంగా చూస్తే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. ఆంధ్రా యూనివర్సిటీలో జియో ఇంజినీరింగ్, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ విభాగాలున్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ డేటా మీద ఆంక్షలు సడలించింది. 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం తెచ్చింది. దారి వెడల్పవుతోంది.

ఒక హెచ్చరిక. ‘మూడు నెలల్లో జీఐఎస్, గ్యారంటీ ప్లేస్‌మెంట్’ అని వేలకు వేలు గుంజే బోర్డుల వెంట పడొద్దు. అక్కడ నేర్పే టూల్స్ చాలావరకు మీకు ఉచితంగానే దొరుకుతాయి. సర్టిఫికెట్ కంటే మీరు చేసిన ఒక్క మంచి మ్యాప్ ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఎక్కడో కొనుక్కొచ్చి బైండింగ్ చేయించే అలవాటు మన కాలేజీల్లో ఎంతగా పాతుకుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని బదులు మీ ఊరిని తీసుకోండి.

క్యూజీఐఎస్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఉచితమే. గూగుల్ ఎర్త్ ఇంజిన్ విద్యార్థులకు, పరిశోధనకు ఉచితంగా దొరుకుతుంది. ముందు మీ మండలం లేదా పట్టణానికి 2000, 2020 నిర్మిత ప్రాంతాల గడులు పక్కపక్కన పెట్టి చూడండి. ఊరు ఎటు పెరిగిందో కనపడుతుంది. తర్వాత ఈ మధ్య వచ్చిన ఒక వరదకు ముందూ తర్వాతా ఉన్న సెంటినెల్-1 చిత్రాలు తీసుకుని నీళ్లు వచ్చిన గడులు గుర్తించండి. వాటి మీద జనాభా గడులు పేర్చి లెక్క తీయండి. అంగన్‌వాడీలు, బడులు, ఆసుపత్రులు, సబ్‌స్టేషన్లు ఎన్ని ఆ గీతలో పడ్డాయో చూడండి.

రెండు చిన్న జాగ్రత్తలు. విస్తీర్ణం లెక్కేసే ముందు మ్యాప్‌ను డిగ్రీల నుంచి మీటర్లలోకి మార్చండి. విజయవాడ, హైదరాబాద్, విశాఖలకు యూటీఎం 44 ఉత్తర జోన్ వస్తుంది. అనంతపురం అయితే 43లోకి వెళ్తుంది. రెండోది, జనాభా గడులను ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మార్చినప్పుడల్లా మొత్తం జనాభా కూడి చూడండి. మార్చకముందు లక్ష ఉండి, తర్వాత నాలుగు లక్షలైతే జనం పుట్టుకొచ్చినట్టు కాదు, మీ పద్ధతి తప్పినట్టు.

ఆఖరి మెట్టు ల్యాప్‌టాప్ మూసేయడం. పది వీధులు ఎంచుకుని నడవండి. ఇళ్లు లెక్కపెట్టండి. ‘నీళ్లు ఎందాకా వచ్చాయి పెద్దమ్మా?’ అని అడగండి. గోడ మీద మరక చూపిస్తారు. కొలవండి. మ్యాప్‌కీ, ఆ మరకకీ ఎంత తేడా ఉందో రాయండి. మీ రిపోర్టులో అన్నిటికంటే విలువైన పేజీ అదే అవుతుంది. సీఎస్‌ఈ వాళ్లు, సివిల్ వాళ్లు, బీఏ జాగ్రఫీ వాళ్లు కలిసి చేస్తే ఇంకా మంచిది. ఈ పనికి కోడ్ కావాలి, నేల కావాలి, మనుషులతో మాట్లాడే నోరు కావాలి. మూడూ ఒక్కరిలో దొరకడం కష్టం.

అడగాల్సిన వాళ్లను అడుగుదాం

ఇదంతా విద్యార్థుల నెత్తిన పెట్టి ప్రభుత్వాలు చేతులు దులుపుకోవడం కుదరదు. కొత్త జనగణన ఫలితాలు వచ్చాక వార్డు స్థాయి లెక్కలను, వార్డుల సరిహద్దులను ఎవరైనా వాడుకునే రూపంలో త్వరగా బయటపెట్టాలి. మున్సిపాలిటీల దగ్గర ఇంటి పన్ను రికార్డులున్నాయి. ఎవరి వివరాలూ బయటపడకుండా, గడికి ఎన్ని ఇళ్లు, ఎన్ని అంతస్తులు అన్నంతవరకు విడుదల చేస్తే ఉపగ్రహం చూడలేనిది అక్కడ దొరుకుతుంది. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందే ముంపు మ్యాప్ పక్కన పెట్టుకుని చూడాలి. యూనివర్సిటీలు ప్రతి జిల్లాలో కనీసం కొన్ని ప్రాజెక్టులు స్థానిక ముప్పుల మీదే ఉండేలా చూసి, వాటిని కలెక్టరేట్‌కు చేర్చాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వే అలవాటు మానాలంటే, వరద లేని రోజుల్లోనే ఈ పని జరగాలి.

ఇక మీ వంతు. మీరు రాసే రెజ్యూమెలో ‘టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్’ అని అందరూ రాసేదే రాస్తారు. దాని కింద ‘మా పట్టణంలో వరదొస్తే ఏ వీధిలో ఎంతమంది చిక్కుకుంటారో లెక్కేశాను, నడిచి సరిచూశాను’ అనే ఒక్క లైన్ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ లైన్ దగ్గర ఆగుతారని నా నమ్మకం. ఎవరూ ఆగకపోయినా ఆ మ్యాప్ మాత్రం మీ ఊరికి మిగిలి ఉంటుంది. వచ్చే వానాకాలంలో పడవ ఎటు తిప్పాలో తెలియక నిలబడ్డ మనిషికి అది దారి చూపిస్తుంది.